చావు హక్కూ, వేలిముద్రా

మనిషికి తన చావు మీద హక్కు వుందా లేదా అనే చర్చ ఈ దేశంలో నలభై ఏళ్లుగా నడుస్తోంది. కోర్టుల్లో నడిచింది, పార్లమెంటులో నడిచింది, ఇంగ్లీషు పేపర్లలో నడిచింది. పెద్ద లాయర్లు, పెద్ద డాక్టర్లు, మతపెద్దలు అందరూ మాట్లాడారు. మన వాడల గొంతు మాత్రం అందులో వినబడలేదు. దానికి కారణం వాళ్లు పిలవకపోవడం ఒక్కటే కాదు. "బతికే హక్కే లేనోళ్లకి చచ్చే హక్కు గొడవెందుకు?" అని మనమే ఒక మాట అనేసి పక్కకు జరిగాం. మేమూ ఆ మాట అన్నవాళ్లమే. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం గురించి ఈ సంచికలో మాట్లాడుకుందాం.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1860లో తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ అని ఒకటి వుండేది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చచ్చిపోయినోడికి కేసు లేదు, చావక మిగిలినోడికే కేసు. 1986లో బొంబాయి హైకోర్టు ఈ సెక్షన్ చెల్లదంది. మరుసటేడు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందంది. 1994 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి చెల్లదని తేల్చింది. ఆ కేసు వేసినవాళ్లలో ఒకరు నాగభూషణ్ పట్నాయక్. శ్రీకాకుళ పోరాటంలో ఉరిశిక్ష పడినా క్షమాభిక్ష అడగనన్న మనిషి ఆయన. అట్లాంటి మనిషి మీద కూడా కోరాపుట్ కోర్టులో 309 కేసు వుంది. రెండేళ్లు తిరక్కుండానే, 1996 మార్చి 21న, జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి ఆ తీర్పును తిరగేసింది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదంది. అయితే చావు ఎలాగూ దగ్గరపడినప్పుడు గౌరవంగా చావడం మాత్రం గౌరవంగా బతకడంలో భాగమేనని ఒక మాట వదిలింది.

ఆ వదిలిన మాటను పట్టుకునే తర్వాతి కథంతా నడిచింది. బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబర్ 27న అత్యాచారం జరిగింది. ఆమె మెదడు దెబ్బతిని మంచానపడింది. 2011 మార్చి 7న ఆమె కేసులోనే, కొన్ని షరతుల మీద, వైద్యం ఆపడానికి సుప్రీంకోర్టు దారి తెరిచింది. అరుణకు మాత్రం ఆపడానికి ఒప్పుకోలేదు. తర్వాత 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల బెంచి గౌరవంగా చావడం 21వ అధికరణం కింద హక్కేనని చెప్పింది. నాకు నయం కాని జబ్బొచ్చి స్పృహ పోతే యంత్రాల మీద పెట్టి సాగదీయొద్దు అని మనిషి ముందే కాగితం రాసి పెట్టుకోవచ్చంది. మొదట ఆ కాగితం మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది ఎవరి వల్లా కావట్లేదని 2023 జనవరి 24న సడలించి, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ చాలన్నారు. వైద్యం ఆపాలంటే ఆస్పత్రిలో ఒక డాక్టర్ల బోర్డు, దాని మీద ఇంకో బోర్డు చూడాలి. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మాత్రం ఇప్పటికీ ఈ దేశంలో నేరమే.

309 సంగతి కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో వున్నట్టే భావించాలంది. శిక్షించొద్దు, ప్రభుత్వమే ఆదుకోవాలంది. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో 309 లేదు. కానీ దాని తోక ఒకటి మిగిలింది. ఆ తోక గురించి తర్వాత చెబుతాం.

ఇదంతా చదివితే ఏమనిపిస్తుంది? మెల్లగానైనా మనిషి ఇష్టానికి విలువ పెరుగుతోంది అనిపిస్తుంది. మంచిదే. అయితే ఈ హక్కు మన పల్లెకు ఎట్లా చేరుతుందో చూద్దాం.

మా ఇంట్లో జరిగింది చెబుతాం. మా పెదనాన్న జీవితమంతా కూలి చేసిన మనిషి. గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టారు, మందులిచ్చారు. ఏడాది తర్వాత మళ్లీ తిరగబెట్టింది. ఒక రాత్రి ఊపిరాడక పోతే పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. నాలుగు రోజులకి చేతిలో వున్న డబ్బయిపోయింది. అయిదో రోజు డాక్టరు వచ్చి, "ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొండి" అన్నాడు. కౌంటర్ దగ్గర ఒక కాగితం ఇచ్చారు. మా అన్నకు చదువు రాదు, వేలిముద్ర వేశాడు. ఆ కాగితం తర్వాత మేం చదివాం. "డాక్టర్ల సలహాకు విరుద్ధంగా, ఫలితం తెలిసే, మా ఇష్టపూర్వకంగా రోగిని తీసుకుపోతున్నాం" అని ఇంగ్లీషులో వుంది. తీసుకుపొమ్మన్నది డాక్టరు. కాగితంలో మాత్రం డాక్టరు వద్దన్నాడు, మేమే మొండికేశాం అని వుంది.

ఇంటికొచ్చాక పెదనాన్న మూడు రోజులు బతికాడు. ఆ మూడు రోజులూ నొప్పికి అరిచాడు. అరవడానికి గొంతు లేక గోడకేసి చెయ్యి కొట్టుకున్నాడు. ఊళ్లో ఆరెంపీ వచ్చి తన దగ్గరున్న సూది వేసిపోయాడు. దానికి ఏమీ తగ్గలేదు. మార్ఫిన్ అనే మందు వుంటుందని, అది నోట్లో వేసుకునే చిన్న మాత్రగా కూడా దొరుకుతుందని, ఇలాంటి నొప్పికి అదే మందని మాకు ఆయన పోయాక తెలిసింది. ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు అలాగే వుంది. నయం కాదు అన్నాక ఆ కార్డు తీసుకుని ఎవరి దగ్గరికి పోవాలో మాకెవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచుకోకూడదు. ఆస్పత్రిలో నాలుగో రోజున, ఇంకా సైగ చేయగలిగినప్పుడు, పెదనాన్న ఇంటికి పోదామని చేత్తో చూపించాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. మేమంతా అది ఆయన ఇష్టం అనుకున్నాం, ఇప్పటికీ అలాగే చెప్పుకుంటాం. కానీ అంతకు ముందురోజే, ప్రభుత్వం ఇచ్చిన అరెకరాన్ని తాకట్టు పెట్టే మాట ఆయన మంచం పక్కనే నిలబడి మాట్లాడాం. అది విన్నాడు. మరి ఇంటికి పోదామన్నది ఆయనా, లేక ఆ అరెకరమా? మాకు తెలియదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చట్టం ఇంకా రాలేదు.

అందుకే మేం అనేది ఏమంటే, వైద్యం ఆపే పని మన పల్లెల్లో కొత్తగా రావలసింది కాదు. అది రోజూ జరుగుతూనే వుంది. బోర్డు లేదు, రెండో బోర్డు లేదు, గెజిటెడ్ ఆఫీసరు లేడు. బిల్లు కట్టలేకపోవడమే బోర్డు, వేలిముద్రే తీర్పు. డబ్బున్నవాడు చావును ఎంచుకోవడానికి సుప్రీంకోర్టు దాకా పోయి హక్కు తెచ్చుకున్నాడు. లేనివాడికి అదే చావును "ఇష్టపూర్వకం" అని రాసి ఇంటికి పంపిస్తున్నారు. ఒకే దేశంలో ఒకే మాట, ఒకరికి హక్కు, ఇంకొకరికి ఆస్పత్రి తప్పించుకునే దారి.

ఈ "ఇష్టపూర్వకం" అనే మాట మనకు కొత్త కాదు. దీని పుట్టుక ఎక్కడో అంబేద్కర్ ఎప్పుడో చూపించాడు. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో ఆయన చదివిన కులాల మీద వ్యాసంలో సతి గురించి చెప్పిన సంగతి గుర్తు చేసుకోండి. కులం తన గోడలు కాపాడుకోవాలంటే భర్త పోయిన ఆడమనిషి అడ్డం అవుతుంది. ఆ అడ్డం తొలగించడానికి ఒక మార్గం ఆమెను కాల్చేయడం, ఇంకో మార్గం జీవితాంతం విధవగా మూలన కూర్చోబెట్టడం. ముందు అవసరం పుట్టింది, ఆచారం నడిచింది. దాన్ని పొగిడే సిద్ధాంతం తర్వాత వచ్చింది. పతిభక్తి అన్నారు, ఆమె ఇష్టమే అన్నారు. 1987 సెప్టెంబర్ 4న రాజస్థాన్‌లో దేవరాల గ్రామంలో పద్దెనిమిదేళ్ల రూప్ కన్వర్ చితిమీద కాలిపోయినప్పుడు కూడా ఆమె ఇష్టమే అన్నవాళ్లు వీధుల్లో ఊరేగారు. ఆ ఏడే సతి నిరోధక చట్టం తేవాల్సి వచ్చింది.

పాకీ పని సంగతి చూడండి. మనిషి చేత ఆ పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మురుగుగుంటల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. అయినా చావులు ఆగలేదు. ఒక మనిషి లోపల ఊపిరాడక పోయిన ప్రతిసారీ కాంట్రాక్టరు చెప్పే మొదటి మాట ఏమిటి? "మేం దిగమనలేదు, వాడే దిగాడు." వాడే దిగాడట! ఆకలితో దిగినవాడిది స్వేచ్ఛ, దించినవాడికి సంబంధం లేదు. సొంత నిర్ణయం అనే పెద్ద మాటను ఈ దేశంలో ఎట్లా వాడతారో చూశారా?

అదే పైకులాల ఇంట్లో చావును కోరుకుంటే దానికి పేరే వేరు. జైనుల సంథారా వ్రతాన్ని రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టు 10న ఆత్మహత్యాయత్నమే అంది. ఊరేగింపులు జరిగాయి. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. వృద్ధులు ఇష్టపడి అన్నం మానుకుంటే మనకు పేచీ లేదు. కానీ 2016 అక్టోబర్‌లో సికింద్రాబాద్‌లో పదమూడేళ్ల పిల్ల 68 రోజుల ఉపవాసం చేసి చనిపోయినప్పుడు కూడా "ఆ పిల్ల ఇష్టమే" అన్నారు. అంతిమయాత్రను ఊరేగింపు చేశారు. పదమూడేళ్ల పిల్లకు ఇష్టమట! పొలం పనికి పంపితే బాలకార్మిక చట్టం గుర్తొస్తుంది, ఉపవాసంతో చనిపోతే భక్తి గుర్తొస్తుంది.

ఇక చస్తానని బెదిరించే హక్కు. ఈ దేశంలో ఆ హక్కును అందరికంటే గట్టిగా వాడినవాడు గాంధీ. 1932 సెప్టెంబర్ 20న ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఎవరి మీద? బ్రిటిష్ ప్రభుత్వం అంటరానివాళ్లకు ఇచ్చిన ప్రత్యేక నియోజకవర్గాల మీద. అంబేద్కర్ ముందు ఏం మిగిలింది? ఆ ఒక్క ప్రాణం పోతే దేశం మొత్తం మీద వాడలకు ఏమవుతుందో ఆయనకు తెలుసు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకం పెట్టాడు. రిజర్వు సీట్లు 71 నుంచి 148 అయ్యాయి, కానీ మన మనిషిని మనమే ఎన్నుకునే అధికారం పోయింది. ఒక మనిషి తన చావు మీద తనకున్న హక్కుతో కోట్లమంది బతుకుల మీద నిర్ణయం చేయించాడు. సొంత నిర్ణయం అనేది ఎప్పుడూ సొంతం మాత్రమే కాదు, నిర్ణయించే మనిషి ఎక్కడ నిలబడి వున్నాడో దాన్నిబట్టి దాని బరువు మారుతుంది. ఇది మనం 1932లోనే నేర్చుకున్నాం.

ఇప్పుడు ఇందాక చెప్పిన తోక దగ్గరికి వద్దాం. 309 తీసేశామని గొప్పగా చెప్పుకునే కొత్త న్యాయ సంహితలో 226వ సెక్షన్ వుంది. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. దీని కిందికి వచ్చేది ఎవరు? పట్టా భూమి లాగేసుకుంటే కలెక్టరాఫీసు ముందు చస్తానని కూర్చునే కూలివాడు. రీసర్వేలో పేరు ఎగిరిపోయి ఏడాదిగా తిరిగి తిరిగి విసిగిన ముసలమ్మ. మణిపూర్‌లో ఇరోమ్ షర్మిలను 2000 నుంచి 2016 దాకా 309 కింద అరెస్టు చేస్తూ, విడుదల చేస్తూ, మళ్లీ అరెస్టు చేస్తూ ముక్కులో గొట్టంతో తిండి పెట్టారు. అంటే ఇంట్లో మౌనంగా చస్తే నీకు ఒత్తిడి వుంది పాపం, ఆఫీసు ముందుకొచ్చి చస్తానంటే నువ్వు నేరస్తుడివి. జబ్బుతో చచ్చేవాడి గౌరవం గురించి అన్ని పేజీలు రాసిన రాజ్యం, అన్యాయంతో చచ్చేవాడికి ఈ ఒక్క సెక్షన్ రాసింది.

చావు మీద హక్కు గురించి మన పిల్లాడొకడు కూడా రాశాడు. దాన్ని ఈ చర్చలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2015 డిసెంబర్ 18న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌కు రోహిత్ వేముల ఒక ఉత్తరం రాశాడు. దళిత విద్యార్థులకు అడ్మిషన్ ఇచ్చేటప్పుడే చావడానికి కావలసినవి కూడా ఇచ్చేయండి, నాలాంటి వాళ్లకు యుథనేసియా సదుపాయం ఏర్పాటు చేయండి అని అందులో అడిగాడు. వెటకారమే అది. కానీ వెటకారం లోపల ఏముందో చదవగలిగినవాడు చదవాలి. నెల తర్వాత, 2016 జనవరి 17న, హాస్టల్ నుంచి వెలేసిన ఆ పిల్లాడు చనిపోయాడు. అదే యూనివర్సిటీలో అంతకు ముందు 2008లో సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేష్ చనిపోయారు. రోహిత్ చనిపోయాక నియమించిన కమిషన్ అది వ్యక్తిగత కారణం అంది. మళ్లీ అదే మాట. వెలివేసింది సంస్థ, కారణం మాత్రం వ్యక్తిగతం. దించింది కాంట్రాక్టరు, దిగింది మాత్రం వాడు. పొమ్మంది డాక్టరు, పోయింది మాత్రం మా ఇష్టం.

అయితే ఇదంతా చెప్పి మనం ఏం తేల్చాలి? చావు హక్కు పైకులాల గొడవ, మనకొద్దు అని తేల్చాలా? అలా తేల్చడం సులువు, కానీ తప్పు. ఎందుకంటే నా ఒళ్లు నాది అనే మాట ఈ దేశంలో అందరికంటే ఎక్కువ కావలసింది మనకే. వెట్టి చేసిన ఒళ్లు దొరది. జోగినిగా మార్చిన ఒళ్లు ఊరిది. పాలేరు ఒళ్లు కామందుది. వెట్టికి చట్టం 1976లో వచ్చింది, జోగిని వ్యవస్థకు మన రాష్ట్రంలో 1988లో వచ్చింది. తన ఒంటి మీద తనకు హక్కు కోసం ఇన్ని తరాలు కొట్లాడిన జనం, ఆఖరి రోజుల్లో "నాకీ గొట్టాలొద్దు" అని చెప్పే హక్కును వదులుకోవాలా? కులం పోయేదాకా, ఆకలి పోయేదాకా ఆగండి, తర్వాత గౌరవంగా చద్దురుగాని అని నొప్పితో గోడ కొట్టుకునే మనిషికి చెప్పగలమా? మేం చెప్పలేం.

2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో కండరాలు క్షీణించే జబ్బుతో వున్న కె. వెంకటేష్ అనే పాతికేళ్ల చదరంగం ఆటగాడి తరఫున తల్లి హైకోర్టుకు పోయింది. అవయవాలు పాడవక ముందే తీసి ఇతరులకు ఇవ్వాలని అతని కోరిక. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ నెలలోనే అతను చనిపోయాడు. ఆ తల్లి అడిగింది తప్పని ఎవడనగలడు? అరుణా శాన్‌బాగ్‌ను చూడండి. చంపొద్దని అడ్డం నిలబడింది ఆమెతో పనిచేసిన ఆస్పత్రి నర్సులు. 2015 మే 18న ఆమె పోయేదాకా, నలభై రెండేళ్లు, ఒకరి తర్వాత ఒకరు ఆమెను కడిగారు, తినిపించారు. ఆపమన్నవాళ్లదీ ప్రేమే, ఆపొద్దన్నవాళ్లదీ ప్రేమే. పైగా ఆ నర్సులు మాటలతో అడ్డం పడలేదు, చేతులతో పడ్డారు. చంపొద్దు అనేవాడు సాకడానికి ముందుకు రావాలి. ఇది మనందరికీ వర్తిస్తుంది.

గౌరవంగా చావడం అనే మాట మనకు కోర్టు నేర్పలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపితే, ఆ శవాలను ఊరవతల శ్మశానానికి కాదు, ఊరి మధ్యకే తెచ్చి పూడ్చారు మనవాళ్లు. అది రక్తక్షేత్రం అయింది. ఇరవై మూడేళ్ల తర్వాత, 2014 ఏప్రిల్‌లో, హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. కానీ ఆ సమాధులను ఊరి మధ్య నుంచి ఎవరూ తియ్యలేకపోయారు. బతికి వుండగా దొరకని చోటును చచ్చి సంపాదించుకున్న జనం మనం. ఆ చోటు బతికి వుండగానే కావాలని అడగడమే మన ఉద్యమం.

కాబట్టి మేం రెండూ అడుగుతున్నాం. హక్కూ కావాలి, ఆ హక్కును హక్కుగా నిలబెట్టే పరిస్థితీ కావాలి. రెండోది లేకుండా మొదటిది ఇస్తే ఏమవుతుందో కెనడా చూపిస్తోంది. అక్కడ 2016లో డాక్టరు సాయంతో చనిపోయే హక్కు చట్టం చేశారు. 2021లో, చావు దగ్గర్లో లేని వికలాంగులకు, దీర్ఘరోగులకు కూడా విస్తరించారు. మాకు ఇల్లు, పింఛను, మనిషి సాయం ఇవ్వకుండా చావు మాత్రం సులువు చేశారని అక్కడి వికలాంగుల సంఘాలు 2024లో కోర్టుకు పోయాయి. అంత డబ్బున్న దేశంలోనే ఆ మాట వచ్చింది.

మన డిమాండ్లు ఇవి.

ఒకటి. నొప్పికి మందు. మత్తుపదార్థాల నిరోధం పేరుతో 1985 చట్టం మార్ఫిన్‌ను ఆస్పత్రులకు దూరం చేసింది. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు ప్రభుత్వ విధానం చేసి, నర్సులను ఇళ్లకు పంపుతోంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో కూడా ఈ చికిత్స వుంది. కానీ పల్లె నుంచి హైదరాబాద్ ఎంత దూరం? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందు, ఇవ్వడం తెలిసిన మనిషి వుండాలి. నయం కాదు అన్న రోజు నుంచి ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు మనిషిని వదిలేయకూడదు. అసలు పని ఆ రోజే మొదలవుతుంది.

రెండు. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర చెల్లదని ప్రకటించాలి. రోగిని ఇంటికి పంపే కాగితం తెలుగులో వుండాలి, చదివి వినిపించాలి. డాక్టరు పొమ్మంటే పొమ్మన్నాడని, డబ్బు లేక పోతుంటే డబ్బు లేక అని రాయాలి. ప్రతి ఆస్పత్రి ఇలా ఎంతమందిని పంపిందో లెక్క జిల్లా వైద్యాధికారికి ఇవ్వాలి. ఈ ఒక్క లెక్క బయటకొస్తే చావు హక్కు చర్చ మొత్తం తిరగబడుతుంది.

మూడు. ముందుగా రాసుకునే కాగితం తెలుగులో, ఖర్చు లేకుండా మండల ఆఫీసులో దొరకాలి. చదువు రాని మనిషి చెబితే రాసి, సాక్షుల ముందు చదివి వినిపించాలి. వైద్యం ఆపమని కుటుంబం అడిగినప్పుడు బోర్డు మొదట అడగాల్సిన ప్రశ్న: ఇదే వైద్యం ఉచితంగా ఇస్తే కూడా ఆపమంటారా? దానికి జవాబు వచ్చాకే మిగతా సంగతులు.

నాలుగు. 226వ సెక్షన్ తీసేయాలి. చస్తానని ఆఫీసు ముందు కూర్చున్నవాడి మీద కేసు పెట్టడం కాదు, వాడి ఫైలు తీయాలి.

అయిదు. విద్యాసంస్థల్లో కుల వివక్షను నేరంగా గుర్తించే చట్టం, రోహిత్ పేరుతోనే, రావాలి. అప్పటిదాకా ఏ యూనివర్సిటీ చావునూ వ్యక్తిగతం అని మేం ఒప్పుకోం.

ఇది చదువుతున్న పిల్లలకు వేరుగా ఒక మాట. హాస్టల్ గదుల్లో, అద్దె గదుల్లో ఒంటరిగా వున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెబుతున్నాం. నీ ఒళ్లు నీదే, కాదనం. కానీ నీలో చచ్చిపోవాలనే ఆలోచన లేచినప్పుడు, అది నీ ఆలోచనేనా, లేక వాళ్లు రోజూ నీ చెవిలో పోసిందేనా అని ఒక్కసారి అడుగు. నువ్వు వెళ్లిపోతే వాళ్లకు ఒక సీటు ఖాళీ అవుతుంది, అంతే. ఆ రాత్రి ఎవరికైనా చెప్పు. స్నేహితుడికి చెప్పు, అమ్మకు చెప్పు, సంఘానికి చెప్పు. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ నంబరు వుంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు. సంఘాలకు కూడా చెబుతున్నాం: పిల్లాడు పోయాక ఫ్లెక్సీ కట్టడానికి పోగయ్యే మనం, వాడి మెస్ బిల్లు ఆగిన రోజే పోగవ్వాలి. సాకనివాడికి చావొద్దని చెప్పే హక్కు లేదని నర్సుల దగ్గర నేర్చుకున్నాం కదా.

మా పెదనాన్న అరెకరం ఇప్పటికీ వుంది, తాకట్టు పడలేదు. ఆ చేలో ఈ ఏడు మినుము వేశాం. అది చూసినప్పుడల్లా ఆయన చెయ్యి ఊపి ఇంటికి పోదామన్నది గుర్తొస్తుంది. ఆస్పత్రి ఖర్చూ, భూమీ రెండూ భయం కాని ఇంట్లో పుట్టివుంటే ఆయన ఏమనేవాడో మాకు తెలియదు. బహుశా అప్పుడూ ఇంటికే పోదామనేవాడు. కానీ అప్పుడది ఆయన మాట అయ్యేది. ఆ తేడా కోసమే ఈ కొట్లాట.

జై భీమ్.